1951 సెప్టెంబరు 27: అంబేడ్కర్ రాజీనామాలో ఎవరికి ఏం వినిపించింది?

ఏటా సెప్టెంబరు చివరి వారం వచ్చిందంటే మన వాట్సాప్ గ్రూపుల్లో ఒక పోస్టరు తిరగడం మొదలవుతుంది. నీలం కోటు, కళ్లద్దాలు, చంకలో రాజ్యాంగం. కింద ఒకే మాట: స్త్రీల హక్కుల కోసం మంత్రి పదవిని గడ్డిపరకలా వదిలేసిన బాబాసాహెబ్. మేమూ ఆ పోస్టరును పంచుకున్నవాళ్లమే. అందులో అబద్ధం లేదు. అయితే తన రాజీనామాకు అంబేడ్కర్ స్వయంగా చెప్పిన కారణాలు ఐదు. హిందూ కోడ్ బిల్లు వాటిలో చివరిది. మిగతా నాలుగూ పోస్టరు మీదికి ఎక్కలేదు.

ఆ రాజీనామాను అప్పటి జనం ఎలా తీసుకున్నారు, ఎవరు సంబరపడ్డారు, ఎవరు బాధపడ్డారు, ఎవరు ఏ ముక్క పట్టుకుపోయారు అన్నది చూస్తే, ఆ నాలుగు కారణాలు ఎక్కడ జారిపోయాయో తెలుస్తుంది. ముఖ్యంగా రెండోది. అది మన గురించి.

ఒక్కొక్కరే వెళ్లిపోతున్న మంత్రివర్గం

1947 ఆగస్టులో నెహ్రూ కట్టిన తొలి మంత్రివర్గం కాంగ్రెసు వాళ్లది మాత్రమే కాదు. ఆ పార్టీని జీవితమంతా ఎదిరించిన అంబేడ్కర్ న్యాయశాఖలో ఉన్నారు. హిందూ మహాసభకు చెందిన శ్యామాప్రసాద్ ముఖర్జీ పరిశ్రమల శాఖలో ఉన్నారు. నాలుగేళ్లు తిరిగేసరికి ఆ గూడు చెదిరింది. తొలి ఆర్థికమంత్రి షణ్ముఖం చెట్టి 1948లో తప్పుకున్నారు. 1950 ఏప్రిల్లో పాకిస్తాన్ ప్రధాని లియాకత్ అలీ ఖాన్‌తో ఒప్పందం నచ్చక ముఖర్జీ, కె.సి. నియోగి రాజీనామా చేశారు. చెట్టి తర్వాత వచ్చిన జాన్ మథాయ్ కూడా అదే ఏడాది ప్రణాళికా సంఘం విషయంలో విభేదించి వెళ్లిపోయారు. 1950 డిసెంబరులో పటేల్ చనిపోయారు. 1951లో ఆచార్య కృపలానీ కాంగ్రెసును వదిలి వేరే పార్టీ పెట్టారు. రఫీ అహ్మద్ కిద్వాయ్ మంత్రివర్గం నుంచి బయటికొచ్చారు. ఆ సెప్టెంబరులోనే కాంగ్రెసు అధ్యక్షుడు పురుషోత్తమదాస్ టాండన్ పదవి వదులుకోవాల్సి వచ్చింది. నెహ్రూయే పార్టీ అధ్యక్షుడయ్యారు.

తొలి సార్వత్రిక ఎన్నికలు గుమ్మంలో ఉన్నాయి. అక్టోబరు చివర్లో పోలింగు మొదలు కావాలి. ఉన్నది తాత్కాలిక పార్లమెంటు. సభ్యుల్లో చాలామంది ఇంకెప్పుడూ జనం ముందు నిలబడి ఓటు అడగనివాళ్లు. బిల్లు మంచిదా చెడ్డదా అన్నదానికన్నా నియోజకవర్గంలో స్వాములోరు ఏమంటారోనన్న భయం వాళ్లకు ఎక్కువ. హిందూ కోడ్ బిల్లు ఆ భయానికే బలైంది.

ఆ బిల్లులో ఏముంది

బి.ఎన్. రావు కమిటీ తయారుచేసిన ముసాయిదా ఆధారంగా ఈ బిల్లు 1947 ఏప్రిల్ 11న సభ ముందుకు వచ్చింది. 1948లో సెలెక్ట్ కమిటీకి వెళ్లింది. అంబేడ్కర్ దాన్ని దగ్గరుండి తిరగరాశారు. ఒక మగాడికి ఒకే భార్య. ఆడవాళ్లకు విడాకుల హక్కు. తండ్రి ఆస్తిలో కూతురికి వాటా. తన చేతికొచ్చిన ఆస్తి మీద స్త్రీకి పూర్తి యాజమాన్యం. పెళ్లికి వధూవరులది ఒకే కులం కావాలన్న శాస్త్రనియమాన్ని పక్కన పెట్టడం.

మన వైపు నుంచి ఒక మాట చెప్పుకోవాలి. విడాకులతో హిందూ సమాజం కూలిపోతుందని సభలో గుండెలు బాదుకున్నవాళ్లకు అంబేడ్కర్ ఒక సంగతి గుర్తుచేశారు. ఈ దేశంలో హిందువుల్లో ఎక్కువమంది శూద్రులు, కష్టజీవులు. వాళ్లలో విడిపోవడం, మళ్లీ పెళ్లాడటం ఆచారంగా ఉన్నదే. మన పల్లెల్లో దాన్ని మారుమనువు అంటారు. పెద్దమనుషుల ముందు తేల్చుకుని ఎవరి దారి వాళ్లు చూసుకున్న ఆడవాళ్లు మాల, మాదిగ పల్లెల్లో ఏ తరంలోనైనా ఉన్నారు. సభలో హిందూ సంప్రదాయం అంటూ కాపాడబోయింది నిజానికి గుప్పెడు అగ్రకులాల ఇళ్లలోని కట్టుబాటును.

కులనియమం సంగతి ఇంకా లోతు. దళిత యువకుడిని పెళ్లాడినందుకు కూతురి కళ్లముందే ఆమె భర్తను ఆసుపత్రి బయట పట్టపగలు నరికించిన మిర్యాలగూడ ఘటన 2018 సెప్టెంబరు నాటిది. బిల్లు పోయి అప్పటికి 67 ఏళ్లు.

వ్యతిరేకత వీధుల్లోకి ముందే వచ్చింది. 1949 డిసెంబరు 11న ఢిల్లీ రామ్‌లీలా మైదానంలో ఆర్ఎస్ఎస్ బహిరంగసభ పెట్టింది. హిందూ సమాజం మీద ఇది అణుబాంబు అని అక్కడ ఒక వక్త అన్నాడు. మర్నాడు ఊరేగింపుగా సభాభవనం మీదికి వెళ్లి నెహ్రూవి, అంబేడ్కర్‌వి దిష్టిబొమ్మలు తగలబెట్టారు. రామరాజ్య పరిషత్ పెట్టిన స్వామి కర్పాత్రి ఊరూరా తిరిగి బిల్లును తిట్టాడు. తిట్టినప్పుడల్లా అంబేడ్కర్ కులం ఎత్తాడు. అంటరానివాడికి ధర్మశాస్త్రాలతో ఏం పని అన్నదే అతని వాదనలో అసలు సారం. బిల్లు మీద చర్చగా కనిపించినదాంట్లో ఎంత భాగం బిల్లు గురించి, ఎంత భాగం దాన్ని రాసిన చేతి గురించి అన్నది విడదీసి చూడాల్సిందే.

రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ కూడా ఎదురు నిలిచారు. 1951 సెప్టెంబరు 15న ఆయన నెహ్రూకు లేఖ రాశారు. జనం ఎన్నుకోని ఈ సభకు ఇంత పెద్ద మార్పు చేసే అర్హత లేదన్నారు, బిల్లు తన దగ్గరికి వస్తే సొంత వివేకంతో నిర్ణయం తీసుకునే హక్కు తనకుందన్నట్టు సూచించారు. నెహ్రూ న్యాయకోవిదుల సలహా అడిగారు. నెల్లూరు జిల్లా పూడూరులో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్, అటార్నీ జనరల్ సెతల్వాడ్ ఇద్దరూ ఒకే మాట చెప్పారు: రాష్ట్రపతి మంత్రివర్గం సలహా ప్రకారం నడవాల్సిందే. చట్టం ప్రకారం అడ్డు తొలగింది. రాజకీయంగా మాత్రం నెహ్రూ వెనక్కి తగ్గారు.

ఆగస్టు 10న అంబేడ్కర్ ప్రధానికి రాసిన లేఖ ఒకటుంది. ఆరోగ్యం బాగాలేదు, డాక్టర్ల చేతుల్లోకి వెళ్లేలోపు ఈ బిల్లు పూర్తి చేయాలి, ఆగస్టు 16న చర్చకు తీసుకుంటే సెప్టెంబరు 1 నాటికి ముగించవచ్చని అడిగారు. నెమ్మదిగా వెళ్లమని జవాబొచ్చింది. చివరికి సెప్టెంబరు 17న చర్చ మొదలైంది. మొత్తం బిల్లు కుదరదు, పెళ్లి, విడాకుల భాగం వరకే తీసుకుందామన్నారు. అంబేడ్కర్ దానికీ ఒప్పుకున్నారు. నాలుగు క్లాజులు గడిచాక ఆ భాగాన్నీ వదిలేద్దామని ప్రధాని అన్నారు. కాంగ్రెసు పార్టీ సమావేశంలో 120 మంది ఉంటే ఎదురు చెప్పింది 20 మందేనని అంబేడ్కర్ తర్వాత లెక్క చెప్పారు. అంటే ఓట్లు లేక కాదు. సభ్యులను కట్టడి చేయాల్సిన చీఫ్ విప్ బిల్లు గడవకుండా చూస్తుంటే ప్రధాని అతన్ని పల్లెత్తు మాట అనలేదు. ప్రధానికి ఇంతగా ద్రోహం చేసిన విప్‌ను, అలాంటి విప్ పట్ల ఇంత విధేయంగా ఉన్న ప్రధానిని తానెక్కడా చూడలేదని అంబేడ్కర్ అన్నది అందుకే.

సెప్టెంబరు 27న రాజీనామా లేఖ వెళ్లింది. చాలాకాలంగా వెళ్లిపోవాలనుకుంటున్నా, బిల్లు గట్టెక్కుతుందన్న ఆశే ఆపింది, ఇప్పుడు అదీ లేదు అన్నది దాని సారం. నెహ్రూ అదే రోజు ఒప్పుకున్నారు. నిరాశను అర్థం చేసుకోగలనని మర్యాదగా రాశారు.

చదవనివ్వని ప్రకటన

ఆ లేఖ చిన్నది. అందులో కనిపించేది బిల్లు ఒక్కటే. అసలు సంగతులన్నీ అక్టోబరు రెండో వారంలో సభలో చేయాలనుకున్న సుదీర్ఘ ప్రకటనలో ఉన్నాయి. వెళ్లిపోతున్న మంత్రి సభకు కారణాలు చెప్పుకోవడం ఆనవాయితీ. ఆ రోజు కుర్చీలో ఉన్నది డిప్యూటీ స్పీకర్ మాడభూషి అనంతశయనం అయ్యంగార్. మన తిరుచానూరులో పుట్టినవారు, తర్వాత తిరుపతి నుంచి లోక్‌సభకు గెలిచి స్పీకర్ కూడా అయ్యారు. ప్రకటన ప్రతిని ముందుగా తనకు ఇవ్వాలని, అంబేడ్కర్ మాట్లాడాల్సిన సమయాన్ని తాను నిర్ణయిస్తానని ఆయన పట్టుబట్టారు. సభలో గొడవ రేగింది. తానిప్పుడు మంత్రిని కాను, ఈ రకమైన ఆజ్ఞకు తలవంచను అని చెప్పి అంబేడ్కర్ సభలోంచి నడిచి బయటికొచ్చేశారు. ప్రకటనను విలేకరుల చేతిలో పెట్టారు.

రాజ్యాంగ ముసాయిదా కమిటీకి అధ్యక్షత వహించిన మనిషి తన రాజీనామా కారణాలను తాను రాజ్యాంగం రాసిన సభలో చదవలేకపోయాడు. జనం దాన్ని విన్నది సభ ద్వారా కాదు, పత్రికల ద్వారా. పత్రిక అన్నాక ఎంతో కొంత కత్తిరింపు తప్పదు. ఆ కత్తిరింపు నేటిదాకా సాగుతూనే ఉంది.

ఐదు కారణాలు

మొదటిది, శాఖల పంపకంలో వివక్ష. ఆర్థికశాస్త్రంలో అంత చదువు చదివిన తనకు ప్రణాళిక, అభివృద్ధి లాంటి శాఖ ఒక్కసారీ ఇవ్వలేదు. న్యాయశాఖ ముసలి వకీళ్లు ఆడుకునే ఖాళీ సబ్బుపెట్టె లాంటిదని ఆయనే అన్నారు. విదేశాంగ కమిటీలో లేరు, రక్షణ కమిటీలో లేరు. ఆర్థిక వ్యవహారాల కమిటీలోకి ప్రధాని ఇంగ్లండు వెళ్లినప్పుడు మిగతా మంత్రులు ఆయన్ను తీసుకున్నారు. ప్రధాని తిరిగొచ్చి పేరు తీసేశారు. నిరసన తెలిపాకే మళ్లీ చేర్చారు. దేశంలో దళిత మంత్రులకు సాంఘిక సంక్షేమం తప్ప ఇంకో శాఖ దక్కని వరస ఎక్కడ మొదలైందో చెప్పుకోవడానికి ఈ పేరా చాలు.

మూడోది విదేశాంగ విధానం. కశ్మీరు, తూర్పు బెంగాల్. ఏడాదికి 350 కోట్ల రాబడిలో 180 కోట్లు సైన్యానికే పోతోందని, మనకు మిత్రులు లేని విధానం వల్లే ఈ భారమని ఆయన వాదన. నాలుగోది మంత్రివర్గం పనితీరు. కమిటీలు తేల్చేసినవాటిని నమోదు చేసుకునే రిజిస్ట్రారు ఆఫీసులా మంత్రివర్గం మారిందన్నారు. ఐదోది హిందూ కోడ్. కులానికి కులానికి, ఆడకు మగకు మధ్య అసమానతను ముట్టుకోకుండా ఆర్థిక చట్టాలు చేసుకుంటూ పోవడం పెంటకుప్ప మీద మేడ కట్టడమేనన్న ఆయన పోలిక అక్కడిదే.

ఇక రెండోది. ఇక్కడ కాస్త ఆగాలి.

వెనుకబడిన తరగతుల రక్షణలను రాజ్యాంగంలోనే రాయకుండా, రాష్ట్రపతి వేసే కమిషన్‌కు వదిలేశారు. రాజ్యాంగం అమల్లోకి వచ్చి ఏడాది దాటినా ఆ కమిషన్ ఊసే లేదని ఆయన ఎత్తిచూపారు. తర్వాత షెడ్యూల్డ్ కులాల సంగతికి వచ్చారు. 1946లో తాను పదవిలో లేనప్పుడు షెడ్యూల్డ్ కులాల స్థితి మీద ఐక్యరాజ్యసమితికి ఇవ్వడానికి ఒక నివేదిక తయారుచేసుకున్నానని, రాజ్యాంగసభకు, రాబోయే పార్లమెంటుకు ఒక అవకాశమిచ్చి చూద్దామని ఇవ్వకుండా ఆగానని చెప్పారు. అంటే ఈ దేశాన్ని నమ్మి ఆగారు. ఐదేళ్ల తర్వాత చూస్తే ఏముంది? అదే దౌర్జన్యం, అదే అణచివేత, అదే వివక్ష, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ. ఢిల్లీ నుంచి, చుట్టుపక్కల నుంచి షెడ్యూల్డ్ కులాలవాళ్లు తన దగ్గరికొచ్చి కులహిందువుల మీద, ఫిర్యాదు రాసుకోని పోలీసుల మీద మొరపెట్టుకున్న ఉదంతాలు వందల్లో చెప్పగలనన్నారు.

ఒక్కసారి ఆ దృశ్యం ఊహించండి. దేశ న్యాయమంత్రి ఇంటి ముందు దెబ్బలు తిన్న మనుషులు నిలబడి ఉన్నారు. స్టేషనులో కేసు రాసుకోలేదని చెబుతున్నారు. ఆ న్యాయమంత్రి చేతిలో పోలీసు శాఖ లేదు. ఆ కమిటీల్లో ఆయనకు చోటు లేదు. మొదటి కారణం, రెండో కారణం విడివిడివి కావు. మా లెక్కలో ఆ ప్రకటనలో అతి బరువైన భాగం ఇదే. ఏ పోస్టరులోనూ ఇది కనిపించదు.

ఈ భాగంలోనే ముస్లింల ప్రస్తావన ఉంది. ప్రధాని శ్రద్ధంతా ముస్లింల రక్షణ మీదేనన్న మాటను కత్తిరించి, ఇవాళ కొందరు అంబేడ్కర్‌ను ముస్లిం వ్యతిరేకిగా చూపించే పోస్టులు తయారుచేస్తున్నారు. ఆ వెంటనే ఆయన అన్నది వదిలేస్తారు. ముస్లింలకు అవసరమైనప్పుడు, అవసరమైనచోట పూర్తి రక్షణ ఇవ్వాలన్న కోరికలో తాను ప్రధానికి కూడా తీసిపోనని చెప్పి, రక్షణ కావాల్సింది వాళ్లకు మాత్రమేనా, షెడ్యూల్డ్ కులాలకు, తెగలకు, క్రైస్తవులకు అక్కర్లేదా అని అడిగారు. ప్రశ్న ముస్లింల మీద కాదు, మన పట్ల చూపిన నిర్లక్ష్యం మీద.

సంబరాలు, అనుమానాలు

బిల్లు చచ్చినందుకు సనాతన వర్గాలు పండగ చేసుకున్నాయి. ఎన్నికల్లో నెహ్రూ మీద ఫూల్‌పూర్‌లో ప్రభుదత్త బ్రహ్మచారి అనే సాధువు హిందూ కోడ్ వ్యతిరేకతే ఎజెండాగా పోటీకి దిగాడు, ఓడిపోయాడు. అక్కడ కోడ్ పేరు చెప్పి ఓట్లు రాలలేదన్నమాట. కాంగ్రెసు భయపడినంత ప్రమాదం బయట లేదనడానికి ఇంతకన్నా పెద్ద సాక్ష్యం ఏం కావాలి?

కాంగ్రెసులో బిల్లును మనస్ఫూర్తిగా కోరుకున్న స్త్రీలు ఉన్నారు. రాజమండ్రి బిడ్డ దుర్గాబాయి సభలో బిల్లు పక్షాన నిలిచినవారే. వాళ్లకు ఇది నిజమైన నష్టం. కాని పార్టీ వాళ్లను దాటి నిర్ణయం తీసేసుకుంది. స్త్రీల హక్కుల చరిత్రలో ఈ రాజీనామాకు దక్కిన చోటు న్యాయమైనదే. చిక్కల్లా ఆ చరిత్ర రాసినవాళ్లు అంబేడ్కర్‌ను కోడ్ వరకు తీసుకుని, కులం దగ్గర వదిలేయడంతో వచ్చింది.

రాజకీయ వర్గాల్లో వినిపించే రెండు అనుమానాలకు ఆయన ప్రకటనలో ముందే జవాబు పెట్టారు. ఒకటి, అనారోగ్యం వల్ల తప్పుకున్నాడని. జబ్బు సాకు చెప్పి బాధ్యత వదిలే మనిషిని కాదని కొట్టిపారేశారు. రెండోది, నాలుగేళ్లు కూర్చుని ఎన్నికల ముందే ఎందుకు అని. 1950 జనవరి 26 దాకా రాజ్యాంగంతోనే సరిపోయింది, ఆ తర్వాత ప్రజాప్రాతినిధ్య బిల్లు, నియోజకవర్గాల పునర్విభజన ఉత్తర్వులు మీద పడ్డాయి అని వివరించారు. దళితుడు పదవిలో ఉంటే అమ్ముడుపోయాడంటారు, వదిలితే అవకాశవాదం అంటారు. ఇవాళ ఏ దళిత నాయకుడు రాజీనామా చేసినా టీవీ చర్చల్లో ఇవే రెండు ప్రశ్నలు వేస్తారు. 2017 జూలైలో సహరాన్‌పూర్ దాడుల మీద పూర్తిగా మాట్లాడనివ్వలేదని మాయావతి రాజ్యసభకు రాజీనామా చేసినప్పుడు కూడా దాడుల మీద కన్నా ఆమె టైమింగు మీదే చర్చ నడిచింది.

బూటా మండీ నుంచి బొంబాయి దాకా

షెడ్యూల్డ్ కులాల జనం స్పందన వేరుగా ఉంది. వాళ్లు ఎదురుచూసింది నాయకుడు తిరిగి తమ దగ్గరికి రావడం కోసం. అక్టోబరు 27న, అంటే రాజీనామా లేఖకు సరిగ్గా నెల తర్వాత, అంబేడ్కర్ పంజాబులోని జలంధర్ వెళ్లారు. తోలు వ్యాపారానికి పేరున్న బూటా మండీ దళితులు ఆయనకు స్వాగతం పలికారు. మంత్రివర్గం ఎందుకు వదిలానో, ఓటు ఎందుకు చేతిలో ఆయుధమో ఆ జనానికి వివరించారు. పార్లమెంటు చదవనివ్వని సంగతులు బహిరంగ సభల్లో వినిపించాయి. లుధియానా, పటియాలా కూడా తిరిగారు. బూటా మండీలో ఆ రాకను ఇప్పటికీ ఏటా గుర్తుచేసుకుంటారు.

ఆయన పార్టీ షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్. గుర్తు ఏనుగు. బొంబాయిలో సోషలిస్టులతో పొత్తు పెట్టుకున్నారు. 1952 జనవరిలో బొంబాయి నగర ఉత్తర నియోజకవర్గం. అది ఇద్దరు సభ్యుల స్థానం, ఒకటి జనరల్, ఒకటి రిజర్వుడు. ఒక్కో ఓటరుకు రెండేసి ఓట్లు, రెండూ ఒక్కరికే వేయకూడదు. రిజర్వుడు సీటులో కాంగ్రెసు అభ్యర్థి నారాయణ సదోబా కజ్రోల్కర్‌కు 1,38,137 ఓట్లు వచ్చాయి. అంబేడ్కర్‌కు 1,23,576. తేడా 14,561. పొత్తులో నిలబడ్డ సోషలిస్టు అశోక్ మెహతా కూడా ఓడారు. వేలాది ఓట్లు చెల్లకుండా పోయాయని ఇద్దరూ కలిసి పిటిషన్ వేశారు, నిలవలేదు.

ఈ ఓటమిని జనం ఆయన్ను తిరస్కరించినట్టు చాలామంది రాశారు. ఆ లెక్క సరిగా చూడాలి. రిజర్వుడు సీటు అన్నమాటే గాని ఓటేసేది అందరూ. దళితులు మాత్రమే తమ ప్రతినిధిని ఎంచుకునే పద్ధతిని 1932లో పూనా ఒప్పందంతో పోగొట్టుకున్నాం. కాబట్టి ఆ ఫలితం దళితుల స్పందన కాదు. తమ దళిత ప్రతినిధి ఎవరై ఉండాలో ఆ నియోజకవర్గంలోని మెజారిటీ తేల్చిన తీర్పు.

కరీంనగర్

అదే ఎన్నికల్లో దేశం మొత్తం మీద ఫెడరేషన్‌కు లోక్‌సభలో దక్కినవి రెండు సీట్లు. ఒకటి షోలాపూర్, పి.ఎన్. రాజభోజ్. రెండోది హైదరాబాద్ రాష్ట్రంలోని కరీంనగర్, ఎం.ఆర్. కృష్ణ. బాబాసాహెబ్‌ను బొంబాయి ఓడించిన ఏడాదిలో ఆయన పార్టీని తెలుగు నేల గెలిపించింది. ఈ సంగతి మన పిల్లలకు ఏ పాఠ్యపుస్తకమూ చెప్పదు, మన సభల్లోనూ అరుదుగా వినిపిస్తుంది.

కరీంనగర్ కూడా ఇద్దరు సభ్యుల స్థానమే. జనరల్ సీటు పీపుల్స్ డెమోక్రాటిక్ ఫ్రంట్ తరఫున బద్దం ఎల్లారెడ్డి గెలిచారు. సాయుధ పోరాటం విరమించి అప్పటికి కొద్ది నెలలే. వెట్టికి, దొరతనానికి ఎదురు తిరిగిన జిల్లాల్లో కాంగ్రెసు మీద కోపం ఎరుపుకూ నీలానికీ రెండింటికీ పనికొచ్చింది. హైదరాబాద్ శాసనసభలో కూడా ఫెడరేషన్‌కు 5 స్థానాలు వచ్చాయి. నిజాం కాలం నుంచీ ఇక్కడ దళిత సంఘాలు పనిచేస్తూ ఉండటం వల్ల అది ఒక్క రోజులో వచ్చిన గెలుపు కాదు. ఎం.ఆర్. కృష్ణ తర్వాత కాంగ్రెసులో చేరి పెద్దపల్లి నుంచి గెలిచారు. అది వేరే కథ, దాని మీద విమర్శలూ ఉన్నాయి. 1952 నాటి ఓటును మాత్రం అది చెరిపేయదు.

1953 జనవరి 12న ఉస్మానియా విశ్వవిద్యాలయం అంబేడ్కర్‌కు గౌరవ డాక్టరేటు ఇచ్చింది. ఆయన అప్పుడు మంత్రి కాదు, లోక్‌సభ సభ్యుడూ కాదు. రాజ్యసభలో ప్రతిపక్షం వైపు కూర్చుంటున్న మనిషి. 1954లో భండారా ఉప ఎన్నికలోనూ ఓడిపోయారు.

ఆ కారణాలు తర్వాత ఏమయ్యాయి

ఐదో కారణం ముక్కలు ముక్కలుగా నెరవేరింది. హిందూ వివాహ చట్టం 1955లో, వారసత్వ చట్టం 1956లో వచ్చాయి. బిల్లును గట్టెక్కించిన ఘనత ఇతరులకు దక్కింది. తండ్రి ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు మాత్రం అప్పుడు రాలేదు. ఆంధ్రప్రదేశ్ 1986లో సవరణ చట్టం చేసి, 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేలా ఆ హక్కు ఇచ్చింది. దేశమంతటికీ అది 2005లో గాని రాలేదు. ఆస్తే లేని ఇంట్లో పుట్టిన దళిత ఆడపిల్లకు ఆ చట్టం ఎంతవరకు అందిందన్నది వేరే అడగాల్సిన ప్రశ్న.

వెనుకబడిన తరగతుల కమిషన్‌ను కాకా కాలేల్కర్ అధ్యక్షతన 1953 జనవరిలో వేశారు. 1955లో నివేదిక వచ్చింది, పక్కన పెట్టారు. మండల్ కమిషన్ నివేదికను 1990 ఆగస్టులో వి.పి. సింగ్ బయటికి తీసేదాకా కేంద్ర ఉద్యోగాల్లో బీసీలకు రిజర్వేషన్ లేదు. ఆయన ప్రభుత్వం ఆ నవంబరులోనే కూలింది.

ఫిర్యాదు రాసుకోని పోలీసుల సంగతి మిగిలింది. 1955లో అస్పృశ్యతా నేరాల చట్టం వచ్చింది. అది సరిపోదని 1985 జూలైలో కారంచేడు చూపించింది. 1989లో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. రెండేళ్లకే, 1991 ఆగస్టులో, చుండూరు. 2018 మార్చిలో సుప్రీంకోర్టు ఆ చట్టం కింద అరెస్టుకు ముందస్తు అనుమతి, కేసుకు ముందు విచారణ కావాలంటే, ఏప్రిల్ 2న దళిత, ఆదివాసీ జనం భారత్ బంద్ చేశారు. ప్రాణాలు పోయాయి. ఆగస్టులో పార్లమెంటు సవరణ తెచ్చి ఆ షరతులు ఎత్తేసింది.

ఆ చట్టంలో నాలుగో సెక్షన్ బాధ్యత మరిచిన ప్రభుత్వోద్యోగి గురించి. ఆ ఉద్యోగి ఏమేం చేయాలో 2015 సవరణ విడమరిచి రాసింది. నోటితో చెప్పిన ఫిర్యాదును స్టేషన్ అధికారి రాసుకుని, సంతకం పెట్టించే ముందు చదివి వినిపించాలి. ఎఫ్ఐఆర్ నమోదు చేయాలి. దాని ప్రతిని వెంటనే ఫిర్యాదుదారు చేతికి ఇవ్వాలి. కావాలని చేయకపోతే ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు. 1951లో న్యాయమంత్రి ఇంటికి వచ్చినవాళ్లు చెప్పుకున్న మొర ఇదే. ఆ ప్రకటన పూర్తి పాఠం మహారాష్ట్ర ప్రభుత్వం వేసిన అంబేడ్కర్ రచనలు, ప్రసంగాల 14వ సంపుటం రెండో భాగంలో ఉంది. స్టేషనుకు వెళ్లే కుటుంబంతో పాటు వెళ్తున్న మన కార్యకర్తలు సెక్షన్ 4 కాపీ ఒకటి జేబులో పెట్టుకోండి.